నీళ్లు చిన్నవి కావు

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో అలగనూరు జలాశయం ఉంది. కేసీ కాలువ ఆయకట్టుకు ఆసరాగా కట్టిన చెరువు అది. నిండుగా నీళ్లున్న రోజున అరమీటరు పొడవున్న తెరచాప ఓడ నమూనా ఒకటి అక్కడ వదిలామనుకుందాం. పాత పటాలు ముందు పెట్టుకుని, పలకకు పలక, తాడుకు తాడు లెక్క తప్పకుండా నెలల తరబడి చేసిన ఓడ. అసలు ఓడ బంగాళాఖాతంలో ఏళ్ల తరబడి సరుకు మోసి ఉండవచ్చు. నమూనా మాత్రం గట్టు దాటి నాలుగు బారలు పోకముందే పక్కకు ఒరిగి నీళ్లలో పడుకుంటుంది. చేసినవాడి చేతిలో లోపమేమీ లేదు. ఓడను చిన్నది చేశాడు గానీ గాలిని, నీటిని చిన్నవి చేయలేకపోయాడు.

చెక్కతో నమూనా ఓడలు చేయడం అందమైన కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. అందం ఉన్న మాట నిజమే. నాకు మాత్రం ఇందులో అంతకన్నా విలువైనది ఒకటి కనిపిస్తుంది. ఏ వస్తువునైనా చిన్నది చేసినప్పుడు దాని గుణాలన్నీ ఒకే పాళ్లలో తగ్గవు. ఇంత పెద్ద భౌతికశాస్త్ర సత్యాన్ని వేళ్లతో తడిమి తెలుసుకునే వీలు ఇంకే అభిరుచిలోనూ ఇంతగా లేదు.

లెక్క చూద్దాం. ఓడ నమూనాలలో 1/64 అనే స్కేలు బాగా వాడుకలో ఉంది. 32 మీటర్ల ఓడ ఈ స్కేలులో 50 సెంటీమీటర్లవుతుంది. పొడవు 64 వంతులు తగ్గితే తెరచాప వైశాల్యం 64ను 64తో గుణించినన్ని, అంటే 4,096 వంతులు తగ్గుతుంది. బరువు ఇంకో 64 రెట్లు ఎక్కువ తగ్గుతుంది, అంటే 2,62,144 వంతులు. అసలు ఓడ 200 టన్నులుంటే నమూనా తూగేది ముప్పాతిక కిలో మాత్రమే.

ఇప్పుడు గాలి వచ్చింది. ఓడను ఒరగదోసే బలం తెరచాప వైశాల్యం మీద, తెరచాప ఎంత ఎత్తున ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. రెండూ కలిసి 2,62,144 వంతులు తగ్గాయి. ఒరిగిన ఓడను తిరిగి నిలబెట్టేది దాని బరువు. ఆ బరువే 2,62,144 వంతులు తగ్గింది. పైగా ఆ బరువు పనిచేసే దూరం కూడా 64 వంతులు తగ్గింది. కాబట్టి అదే గాలిలో నమూనా ఓడ అసలు ఓడ కన్నా 64 రెట్లు తేలిగ్గా ఒరుగుతుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక ఇదే సంగతిని ఇంకోలా చెప్పవచ్చు: గంటకు 18 కిలోమీటర్ల పిల్లగాలి ఆ బుల్లి ఓడకు గంటకు 144 కిలోమీటర్ల తుఫాను. గోదావరి ముఖద్వారంలో ఓడల నిర్మాణానికి పేరు మోసిన కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన ముంచేసింది. ఈ తీరపు పెనుగాలులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. అలగనూరు గట్టు మీద పైట చెంగు ఎగిరేపాటి గాలిలో మన ఓడ అలాంటి తుఫానును ఎదుర్కొంటోందన్నమాట.

అందుకే నీటి మీద తిప్పాలనుకునేవాళ్లు నమూనా అడుగున అసలు ఓడకు లేని లోతైన రెక్కను, దాని కొసన సీసాన్ని బిగిస్తారు. పందేల్లో దింపే నమూనా పడవల్లో మొత్తం బరువులో సగానికి పైగా ఆ సీసమే ఉంటుంది. బల్ల మీద పెట్టుకునే ఓడకు ఈ బాధ లేదు. తెరచాప లేని పడవకూ లేదు. గాలి లేని నీటిలో నిటారుగా నిలబడే గుణం స్కేలుతో మారదు.

పరిమాణం మారితే గుణాలన్నీ ఒకే పాళ్లలో మారవన్న సంగతిని మొదట శాస్త్రంగా చెప్పినవాడు గెలీలియో. 1638లో అచ్చయిన 'రెండు నూతన శాస్త్రాలు' గ్రంథం వెనిస్ నగరపు ఓడల కర్మాగారంలోనే మొదలవుతుంది. చిన్న పడవను నీటిలోకి దించేటప్పుడు అంతగా ఊతాలు అక్కర్లేదు, పెద్ద ఓడకు మాత్రం చుట్టూ బలమైన కట్టడం కావాలి, ఎందుకని? బరువు ఘనంగా పెరుగుతుంటే దాన్ని మోసే దూలపు బలం వర్గంగానే పెరుగుతుంది. పెద్ద ఓడ తన బరువుకే విరిగిపోగలదు. ఆళ్లగడ్డ శిల్పులకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. జానెడు విగ్రహానికి సరిపోయే చీలమండను అదే పాళ్లలో పెంచి నిలువెత్తు విగ్రహానికి పెడితే నిలవదు. అందుకే పెద్ద రాతి విగ్రహాల కాళ్ల వెనక రాయిని వదిలేస్తారు.

గెలీలియో బలం గురించి చెప్పాడు. వేగం సంగతి తేలడానికి ఇంకో రెండు శతాబ్దాలు పైగా పట్టింది. 1860లలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు హంస, కాకి అని పేర్లు పెట్టి రెండు రకాల ఓడ ఆకారాలు తయారు చేశాడు. ఒక్కో ఆకారాన్ని మూడు, ఆరు, పన్నెండు అడుగుల పొడవుల్లో చేసి నదిలో లాగి, ఎంత బలం కావాలో కొలిచాడు. అప్పటి పెద్దలు నమూనాలతో ఓడల సంగతి తేలదనేవారు. ఫ్రూడ్‌కు తేలిన దారి ఇది: ఓడ కదులుతుంటే నీటిలో అలలు లేస్తాయి, ఆ అలల వేగం వాటి పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి 1/64 స్కేలు ఓడను అసలు వేగంలో 64వ వంతుతో కాదు, 8వ వంతుతో నడిపితేనే అలల తీరు అచ్చంగా సరిపోతుంది. తర్వాత ఆయన టార్కీ పట్టణంలో తన ఇంటి దగ్గరే నమూనాలు లాగే పొడవాటి తొట్టి కట్టించాడు. గ్రేహౌండ్ అనే నిజమైన యుద్ధనౌకను ఇంకో ఓడతో లాగించి, నమూనా చెప్పిన లెక్క దాదాపు సరిపోయిందని 1874లో లోకానికి చూపించాడు.

ఓడ ఊగే సమయం కూడా వర్గమూలం లెక్కలోనే తగ్గుతుంది. అసలు ఓడ ఎనిమిది సెకన్లకోసారి ఊగితే నమూనా సెకనుకోసారి ఊగుతుంది. సినిమాల్లో బొమ్మ ఓడ బొమ్మగా దొరికిపోయేది ఇక్కడే. అందుకే అలాంటి దృశ్యాలను కెమెరాను వేగంగా తిప్పి తీసి, తెర మీద నెమ్మదిగా చూపిస్తారు. ఊపు సరిపోతుంది గానీ నీటి చుక్కలు సరిపోవు. చుక్క ఎంత ఉండాలో తలతన్యత నిర్ణయిస్తుంది, దానికి మన స్కేలుతో పని లేదు. ఒకటిన్నర సెంటీమీటరు కన్నా చిన్న అలలను నడిపించేది గురుత్వాకర్షణ కన్నా ఆ తలతన్యతే ఎక్కువ. బుల్లి ఓడ ముందు లేచే నురుగు ఎప్పటికీ సముద్రపు నురుగులా ఉండదు.

ఇంకో చిక్కు, ఓడ ఒంటికి నీటి రాపిడి. అది అలల లెక్కకు లొంగదు. ఫ్రూడ్ రాపిడిని వేరు చేసి, అలల నిరోధాన్ని వేరుగా కొలిచి, మళ్లీ కలిపాడు. నేటికీ పద్ధతి స్థూలంగా అదే. విశాఖపట్నంలో డీఆర్‌డీవోకు చెందిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది. యుద్ధనౌక పుట్టకముందే దాని నమూనాను అందులో లాగి చూస్తారు. చిన్న నమూనా చుట్టూ నీరు మరీ నున్నగా జారిపోతుంది గనుక, పెద్ద ఓడ చుట్టూ ఉండే సుడులు పుట్టేలా ఇలాంటి పరీక్షల్లో నమూనా ముందుభాగాన గరుకు పట్టీలో చిన్న మేకులో అతికిస్తారు. మనం అనుకునే అభిరుచికీ కోట్ల రూపాయల ప్రయోగానికీ మధ్య గోడ ఎంత పలచనిదో అక్కడ తెలుస్తుంది.

నీటి సంగతి ఇంతటితో ఆపి చెక్క దగ్గరికి వస్తాను. నమూనాలు చేసేవాళ్ల మనసంతా ఉండేది అక్కడే.

మన ఓడలకు టేకు రాజు. నూనె గుణం ఉన్న కలప, నీటికి చెడదు, పురుగు త్వరగా ముట్టదు. నల్లమల పక్కనే ఉన్న మిడుతూరు వాళ్లకు టేకు కొత్తా కాదు. అసలు ఓడ టేకుదైతే నమూనా కూడా టేకుతోనే చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చేసి చూస్తే కళ తప్పుతుంది. టేకులో నీటిని మోసే నాళాలు కంటికి గీతల్లా కనిపిస్తాయి. పెద్దవాటి వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు దాకా ఉంటుంది. 1/64 స్కేలులో అది రెండు సెంటీమీటర్ల గాడి. ఏ ఓడ పలకకైనా రెండు సెంటీమీటర్ల గాళ్లుంటాయా? ఓడ చిన్నదయింది, చెట్టు కణాలు చిన్నవి కాలేదు. నిజమైన కలపే నమూనాలో అబద్ధంగా కనిపిస్తుంది.

కాబట్టి కావలసింది నాళాలు కంటికి కనబడని, సన్నటి నేత గల చెక్క. ఐరోపా వాళ్లు పియర్ చెట్టునూ బాక్స్‌వుడ్‌నూ పట్టుకున్నారు. మన దగ్గర అంకుడు ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే చెక్క అదే. తెల్లగా, దంతంలా నున్నగా ఉలికి లొంగుతుంది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి ఇంకా తేలిక, కానీ మరీ మెత్తన. పెద్ద ఆకారాన్ని చెక్కడానికి పనికొస్తుంది, సన్నటి పలకల అంచు దానిలో నిలబడదు. విదేశీ కిట్ల కోసం వేలు పోసేవాళ్లకు నా మాట ఒక్కటే: ముందు అంకుడు ముక్క ఒకటి పట్టుకుని చిత్రిక పట్టి చూడండి.

రెండో గండం ఎండ. నంద్యాల ఎండలు 45 డిగ్రీలు తాకుతాయి, గాలిలో తేమ అడుగంటుతుంది. చెక్క తేమ వదిలేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా ముడుచుకోదు. నారల పొడవునా దాదాపు ముడుచుకోదు. మాను కేంద్రం నుంచి బెరడు వైపు కొంత ముడుచుకుంటుంది. వార్షిక వలయాల వెంట దానికి సుమారు రెండింతలు ముడుచుకుంటుంది. వానాకాలంలో అతికించిన పది సెంటీమీటర్ల వెడల్పు పలక వేసవికి రెండు శాతం తగ్గిందంటే రెండు మిల్లీమీటర్ల సందు పడుతుంది. ఓడ లెక్కలో అది పదమూడు సెంటీమీటర్లు, పిల్లవాడి కాలు ఇరుక్కునేంత. అదే డెక్కును నాలుగు మిల్లీమీటర్ల సన్న పట్టీలతో వేస్తే ఆ ముడుచుకోవడం పాతిక సందుల్లోకి పంచుకుంటుంది, కంటికి ఆనదు. నిజమైన ఓడలకు సన్నటి పలకలు వేసేందుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఎండిన చెక్క నిలుస్తుంది, మునిగిన చెక్కా నిలుస్తుంది, మధ్యలో ఉన్నదే చెడుతుంది. ఇదే జిల్లాలోని సంగమేశ్వరం చూడండి. శ్రీశైలం జలాశయం నిండితే గుడి నీట మునుగుతుంది, నీళ్లు తగ్గితే బయటపడుతుంది. గర్భగుడిలో ఉన్నది వేపచెక్క లింగమని ప్రసిద్ధి. చెక్కను తినే బూజుకు నీరూ కావాలి, గాలీ కావాలి. పూర్తిగా మునిగిన చెక్కకు గాలి అందదు. ఎండలో బయటపడ్డ చెక్కలో నీరుండదు. ఉప్పునీటిలో ఓడల్ని తొలిచేసే ఓడపురుగు మంచినీటిలో బతకదు. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మునిగిన వాసా అనే స్వీడన్ యుద్ధనౌకను 1961లో దాదాపు పూర్తి రూపంతో పైకి తీయగలిగారంటే, ఆ పురుగు బతకలేనంత తక్కువ ఉప్పున్న బాల్టిక్ నీటి చలవే. మన నమూనాకు దీని వల్ల తెలిసేదేమంటే, అలగనూరు నీళ్లలో ఆడించి తెచ్చిన ఓడను పైపైన తుడిచి అద్దాల పెట్టెలో బిగించకూడదు. లోపలి తేమ రంగు కింద చిక్కుకుంటే బూజుకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

ఇక పలకను వంచడం. ఓడ ముందుభాగం దగ్గర పలకలు గట్టిగా మెలి తిరుగుతాయి. చెక్క నారలను ఒకదానికొకటి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడిలో, వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అప్పుడు చెక్క లోపలి వంపు వైపు బాగా నొక్కుకోగలదు, బయటి వైపు సాగడం మాత్రం ఒకటి రెండు శాతానికి మించి భరించదు. విరిగేది ఎప్పుడూ బయటి వైపే. అసలు ఓడ పలకకు అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టాలని పాత లెక్క. మందం తగ్గేకొద్దీ వేడి లోపలికి చేరే సమయం వర్గంగా తగ్గుతుంది గనుక, మిల్లీమీటరు పట్టీకి మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు చాలు. నానిన పట్టీని వంపు మీద పెట్టి బట్టల క్లిప్పులతో బిగించి, ఆరనిచ్చి, తర్వాతే జిగురు పెట్టాలి. తడిగా ఉన్నప్పుడే ఫెవికాల్ రాస్తే ఆరాక ముడుచుకుని అతుకు లాగేస్తుంది.

ఓడ లోపలి పక్కటెముకలను వంచరు. వంపుగా పెరిగిన కొమ్మనే వెతికి కోస్తారు. నాగలికి వంకర తుమ్మకొమ్మ వెతికిన రాయలసీమ వడ్రంగికి ఇది వివరించక్కర్లేదు. నార వంపు వెంట నడిస్తే బలం, వంపును అడ్డంగా కోస్తే పుటుక్కున విరుగుతుంది. నమూనాలో కూడా తుమ్మకొమ్మ చీల్చి పక్కటెముకలు చేసినవి చాలా దృఢంగా వస్తాయి. చెక్క మేకులకు వెదురు. వెదురులో నారలు ఒక కణుపు నుంచి ఇంకో కణుపు దాకా తిన్నగా పోతాయి. సన్నగా చీల్చిన వెదురు పుల్లను ఇనుప పలకలోని చిన్న చిన్న రంధ్రాల గుండా వరుసగా లాగితే మిల్లీమీటరులోపు మేకు కూడా విరగకుండా వస్తుంది. ప్రపంచమంతా నమూనాకారులు వాడే పద్ధతి ఇది. మేదరుల చేతికత్తి ఉన్నచోట సగం పని అయిపోయినట్టే.

తాళ్ల సంగతి కొద్దిగా. పది సెంటీమీటర్ల మందం లంగరు తాడు నమూనాలో ఒకటిన్నర మిల్లీమీటరు దారం. నూలు పోగులను ఒక దిక్కుకు పురి పెట్టి, మూడింటిని కలిపి ఎదురు దిక్కుకు పురి తిప్పితే రెండు పురులూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నరసింహ పత్తి రకాన్ని ఇచ్చిన నంద్యాల పరిశోధనా కేంద్రం చుట్టుపక్కల పత్తికి కొదవ లేదు. దారం బరువు బాగా తగ్గిపోతుంది గనుక తన బరువుకు తాను వేలాడక నిక్కి నిలబడుతుంది. పలచటి జిగురు నీళ్లలో ముంచి, నడుమ చిన్న బరువు కట్టి ఆరబెడితే అసలు తాడు వంపు వస్తుంది.

ఏ ఓడ చేయాలి? కిట్లు అమ్మేవాళ్లు ట్రఫాల్గర్ నౌకల్నీ కొలంబస్ ఓడల్నీ చూపిస్తారు. వాటితో నాకు పేచీ లేదు. కానీ మన నీళ్ల మీద తిరిగినవి వదిలేసి వాటి వెంట పడడం నాకు బాధగా ఉంటుంది.

మిడుతూరు పరిసరాల్లోనే రెండున్నాయి. కృష్ణలో చేపలు పట్టేవాళ్ల పుట్టి ఒకటి. వెదురు అల్లిక, కింద నీరు చొరని పొర, గుండ్రటి అడుగు. తెరచాప లేదు, వెడల్పు ఎక్కువ, కాబట్టి పైన చెప్పిన గాలి గండం లేదు. మొదటిసారి చేసేవాళ్లకు అంతకన్నా మంచి పాఠం దొరకదు. రెండోది కేసీ కాలువ పడవ. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించిన ఆ కాలువను ఆర్థర్ కాటన్ సేద్యానికే కాదు, సరుకు రవాణాకు కూడా ఉద్దేశించాడు. అందుకే దానికి లాకులు కట్టారు. లాభం రాక 1882లో ప్రభుత్వం కొనేసింది. బల్లపరుపు అడుగు, నిటారు గోడలున్న కాలువ పడవకు పలకలు ఆవిరి పట్టే పని కూడా తక్కువే.

తీరం వైపు పోతే ఇంకా సంపద. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. రెండో శతాబ్దపు ఆ బొమ్మలో కొలతలు లేవు, చుక్కాని తెడ్లు కనిపిస్తాయి, మిగతాది ఊహించాలి. ఫ్రెంచి నౌకాదళాధికారి ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారీ 1840ల తొలినాళ్లలో ఐరోపా బయటి జనాల ఓడల మీద అచ్చువేసిన పెద్ద గ్రంథంలో కోరమండల్ తీరపు పడవలకు కొలిచి గీసిన పటాలున్నాయి. ఆయనే తర్వాత పారిస్ నౌకా ప్రదర్శనశాలకు అధిపతి అయి, ఆ పటాల నుంచి నమూనాలు చేయించాడు. చెక్క ఓడలు పోయిన చోట చెక్క నమూనాలే సాక్ష్యంగా మిగిలాయి. ఇటీవల అజంతాలోని అయిదో శతాబ్దపు చిత్రం ఒక్కటే ఆధారంగా మేకు లేకుండా కుట్టిన ఓడను కేరళ పనివాళ్లు కట్టారు. 2025 మే నెలలో కార్వార్‌లో ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య పేరుతో నౌకాదళంలో చేరింది. దాని నీటి నడకను ముందే తేల్చడానికి ఐఐటీ మద్రాసులో నమూనా పరీక్షలు చేశారు.

కుట్టిన పడవలు మన తీరానికి కొత్త కాదు. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా మసూలా పడవలు అలల్ని దాటుకుని ఓడల నుంచి సరుకుల్నీ మనుషుల్నీ ఒడ్డుకు చేర్చేవి. లోపల పక్కటెముకలు లేవు. పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి, సందుల్లో గడ్డి కూరేవారు. అల విరిగి ఇసుకకు కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ పగిలే చోట ఈ పడవ వంగి నిలిచేది.

నేనైతే మసూలా పడవనే చేయమంటాను, దానిలో గెలీలియో మళ్లీ అడ్డం వస్తాడు గనుక. బలం వర్గంగా, బరువు ఘనంగా తగ్గాయి కదా. అందువల్ల అదే చెక్కతో 1/64లో చేసిన నమూనా తన అలల ముందు 64 రెట్లు బిర్రుగా ఉంటుంది. ఆకారం అచ్చు దిగినా అసలు పడవ బతికిన గుణం, వంగడం, అందులో ఉండదు. ప్రయోగశాలల్లో ఓడ వంపును పరీక్షించేటప్పుడు నమూనాను అడ్డంగా ముక్కలుగా కోసి, లోపల ఒక సన్నటి వంగే కడ్డీతో కలుపుతారు. ఇంట్లో చేసేవాళ్లు ఇంకో దారి పట్టవచ్చు. స్కేలు పెద్దది చేసుకుని, పలకల్ని లెక్కకన్నా పలచగా చిత్రిక పట్టి, కొబ్బరి పీచుకు బదులు మెత్తటి నూలుతో, కుట్లు కాస్త ఎడంగా వేయాలి. తొట్టి నీళ్లలో వదిలి, రెండు కొసలకూ చిన్న చిన్న బరువులు పెట్టి చూడాలి. నడుమ పైకి లేచి, బరువులు తీయగానే మళ్లీ తిన్నగా వస్తే కుట్టు కుదిరినట్టు. కదలకపోతే దారం విప్పి, మళ్లీ కుట్టాలి.